కంచుముఖుల పుస్తకం

గుంటూరులో మన బడిలో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు నేనూ, నా పక్క బెంచీ మిత్రుడూ కలిసి ఒక నవల రాశాం. 1985లో బడి తెరిచిన వారం మొదలుపెట్టి, పదో తరగతి హాఫియర్లీ పరీక్షల దాకా రాస్తూనే ఉన్నాం. మూడు లాంగ్ నోట్‌బుక్కులు నిండాయి. మా బ్యాచ్‌లో చాలామందికి అది గుర్తుండే ఉంటుంది. లెక్కల పీరియడ్‌లో డెస్కుల కింద నుంచి చేతులు మారుతూ చివరి బెంచీ దాకా వెళ్లొచ్చేది.

కథ మేఘనాడు అనే దేశంలో జరుగుతుంది. సముద్రం అవతల నుంచి కంచు ముసుగులు తొడుక్కున్న మనుషులు మిరియాలు కొనడానికి ఓడల్లో వస్తారు. వచ్చినవాళ్లు వెళ్లరు, దేశాన్నే పట్టుకుంటారు. వాళ్ల దగ్గర నిప్పులు కక్కే పక్షులుంటాయి. అడవిలో పెరిగిన రాజకుమారుడికి ఒక మాయ కత్తి దొరుకుతుంది. పిల్లల పత్రికల్లో జానపద సీరియళ్లు చదివి పెరిగినవాళ్లం, కాబట్టి మొదటి పుస్తకం నిండా యుద్ధాలే.

ఒకరోజు ఆ పుస్తకం మా తెలుగు మాస్టారి చేతికి చిక్కింది. ఆయన ఏమీ అనకుండా సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్లారు. ఆ రాత్రి మా ఇద్దరికీ ఒకటే టెన్షన్. మర్నాడు డ్రిల్ పీరియడ్‌లో వేపచెట్టు కిందకి పిలిచారు. మొత్తం చదివేశారు. అంచుల్లో అక్కడక్కడా పెన్సిల్‌తో చుక్కలు పెట్టి ఉన్నాయి.

"బాగుందిరా. ఈ కంచుముఖులు ఎంతమంది?" అన్నారు.

"వెయ్యిమంది మాస్టారూ."

"మేఘనాడు జనం?"

"లక్షల్లో ఉంటారు మాస్టారూ."

"మరి వెయ్యిమంది లక్షల మందిని ఎట్లా ఏలుతున్నారు? పక్షులు పన్ను వసూలు చేస్తాయా? శిస్తు లెక్కలు ఎవరు రాస్తున్నారు?"

మా దగ్గర జవాబు లేదు. ఆయన మా ఇళ్లెక్కడని అడిగారు. నేను బ్రాడీపేట అన్నాను, వాడు అరండల్‌పేట అన్నాడు. "బ్రాడీ ఎవరు? అరండల్ ఎవరు?" అన్నారు. పుట్టినప్పటి నుంచి ఆ వీధుల్లో తిరుగుతున్నాం, ఆ ప్రశ్న ఒక్కనాడూ మాకు రాలేదు. "దొరల పేర్లురా అవి. దొరలు వెళ్లిపోయి దాదాపు నలభై ఏళ్లయింది. వాళ్ల పేర్లు ఇంకా మనం ఉత్తరాల మీద రాసుకుంటున్నాం. మీ మేఘనాడులో వీధుల పేర్లేంటి?"

ఒక్క వీధికీ మేం పేరు పెట్టలేదు. ఆ సాయంత్రం లాడ్జి సెంటర్ నుంచి సైకిళ్లు నడిపించుకుంటూ రాజధానిలోని వీధులన్నిటికీ కంచుముఖుల పేర్లు పెట్టాం. ఒక ముసలమ్మ మాత్రం పాత పేర్లతోనే దారి చెబుతుంది. కుర్రకారుకి ఆ దారి అర్థం కాదు. మూడు పుస్తకాల్లోనూ నాకు బాగా ఇష్టమైన అధ్యాయం ఇప్పటికీ అదే.

తర్వాత శనివారాలు బడి వదిలాక మాస్టారు మాకు మన జిల్లా కథలు చెప్పేవారు. పల్నాడులో మించాలపాడు, కన్నెగంటి హనుమంతు. అడవిలో పశువుల్ని మేపుకుంటే కట్టాల్సిన పన్ను పేరు పుల్లరి. కట్టేది లేదని ఎదురు తిరిగిన హనుమంతుని 1922లో పోలీసులు కాల్చి చంపారు. మా మిత్రుడి అమ్మమ్మది మాచర్ల వైపు. ఆవిడ ఈ కథని సొంత ఇంట్లో జరిగినట్టే చెప్పేది. "గడ్డి వాళ్లు నాటారా నాయనా, పన్ను వేయడానికి?" అనేది. ఆ మాట యథాతథంగా మా నవలలోకి ఎక్కింది.

పెదనందిపాడు కథ విన్న రోజు మాస్టారి మొదటి ప్రశ్నకి జవాబు దొరికింది. అక్కడ పన్నుల నిరాకరణ జరిగినప్పుడు కరణాలు, మునసబులు ఉద్యోగాలకి రాజీనామాలు ఇచ్చారు. దొర ఒక్కడే. ఊరూరా లెక్క రాసేదీ, శిస్తు వసూలు చేసేదీ మనవాళ్లే. వాళ్లు కలం కింద పెడితే దొర దగ్గర మిగిలేది తుపాకీ ఒక్కటే. అందుకే రెండో పుస్తకంలో రాజకుమారుడు వెనక్కి జరిగాడు. కంచుముఖుల కచ్చేరీలో లెక్కలు రాసే కరణం కూతురు కథకి నాయిక అయింది.

అన్నిటికన్నా మమ్మల్ని పట్టుకున్నది చీరాల-పేరాల కథ. దొరల కాలంలో చీరాల గుంటూరు జిల్లాలోనే ఉండేది. రెండు ఊళ్లనీ కలిపి మునిసిపాలిటీ చేసేసరికి పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. అక్కడ ఎక్కువమంది మగ్గం మీద బతికేవాళ్లు. ఊరు వదిలి వెళ్లిపోవడం ఒక మార్గమని గాంధీజీ అన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట 13 వేలకు పైగా జనం 1921లో ఊరు ఖాళీ చేసి, బయట పాకలు వేసుకుని, రామనగర్ అని పేరు పెట్టుకుని పదకొండు నెలలు ఉన్నారు. ఎండా వానా అన్నీ అక్కడే. ఊరు లేకపోతే మునిసిపాలిటీ దేనికి? ఇంతకన్నా గొప్ప ఊహ మా మాయ కత్తి కథలో ఎక్కడుంది?

కత్తి విషయంలో మేమిద్దరం వారం రోజులు మాట్లాడుకోలేదు. కత్తి ఉండాలని వాడు, వద్దని నేను. చివరికి వాడే దారి చెప్పాడు. రాజకుమారుడు ఆ కత్తిని అమ్మేసి, ఊరు వదిలిన వాళ్ల పాకలకి వెదుళ్లు కొంటాడు. అంత మంచి ఆలోచన నాకు ఈ రోజుకీ రాదు.

మూడో పుస్తకంలో జనమంతా రాజధాని వదిలి వెళ్లిపోతారు. కంచుముఖుల దొర మేడ మీదకి వచ్చి దీపాలు పెట్టమని కేకేస్తాడు. పెట్టడానికి ఎవరూ ఉండరు. అక్కడ ఆగిపోయాం. చీరాలలో చివరికి ఏమైందని మాస్టారిని అడిగాం. గోపాలకృష్ణయ్య గారిని జైల్లో పెట్టారనీ, జనం మెల్లగా తిరిగి ఇళ్లకి వచ్చేశారనీ చెప్పారు. "అయితే ఓడిపోయారా మాస్టారూ?" అన్నాడు నా మిత్రుడు. వాడి కళ్లలో నీళ్లు. మాస్టారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "మీరు ఎట్లా ముగిస్తారో రాయండి, చదువుతాను" అన్నారు. పరీక్షలు వచ్చాయి. మేం రాయలేదు. మాస్టారు ఇప్పుడు లేరు.

ఆ తర్వాత పరాయి పాలన మీద తిరుగుబాటు కథలు, తెలుగులోవీ ఇంగ్లీషులోవీ, దొరికినన్ని చదివాను. ఏది తెరిచినా ముందు వెతికేది ఒక్కటే, ఆ రాజ్యంలో పన్ను ఎవరు వసూలు చేస్తున్నారని. రచయిత అది చెప్పకపోతే ఎంత పెద్ద యుద్ధమైనా నాకు మనసుకి ఎక్కదు.

మొదటి పుస్తకం, మూడో పుస్తకం నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఈమధ్యే మా మిత్రుడితో ఫోన్‌లో మాట్లాడాను. ఇద్దరం కలిసి చివరి అధ్యాయం రాద్దామనుకుంటున్నాం. రెండో పుస్తకం మాత్రం పదో తరగతిలో ఎవరో చదవడానికి తీసుకున్నారు, తిరిగి రాలేదు. ఖాకీ అట్ట. లేబుల్ మీద సోషల్ స్టడీస్ అని రాసి ఉంటుంది. వెనక పేజీలో ఎర్ర సిరాతో రాజధాని మ్యాపు, ప్రతి వీధికీ రెండేసి పేర్లు. మన బ్యాచ్‌లో ఎవరింట్లోనైనా పాత ట్రంకుపెట్టె ఉంటే ఒకసారి వెతకండి. దొరికితే పూర్వ విద్యార్థుల సమావేశానికి తీసుకురండి.