ఘట్కేసర్ స్థలం అమ్మకం, కాలిఫోర్నియా పన్ను లెక్క: నా అనుభవం

మేముండేది ఫ్రీమాంట్‌లో. ఘట్కేసర్ దగ్గర ఉన్న స్థలాన్ని 2024 అక్టోబరులో అమ్మాం. నిన్ననే కాలిఫోర్నియా రిటర్ను దాఖలు చేశాను. టెన్షన్ పోయింది కానీ కోపం పోలేదు, అందుకే వెంటనే రాస్తున్నాను.

ఇండియాలో పని సాఫీగానే జరిగింది. ఫారం 13 పెట్టి తక్కువ టీడీఎస్‌కి (అమ్మకం డబ్బులోంచి ముందే కోసే పన్నుకి) సర్టిఫికెట్ తెచ్చుకున్నాం, కొన్నవాళ్ళు టాన్ (టీడీఎస్ కట్టడానికి కావాల్సిన నంబరు) తీసుకుని టీడీఎస్ కట్టారు. రూలు మారిన 2024 జూలై 23 తర్వాత అమ్మకం జరిగింది కాబట్టి ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలను బట్టి కొన్న ధరను పెంచి చూపడం) లేకుండా లాభం మీద 12.5 శాతం, దాని మీద సెస్సు. లాభం డాలర్లలో చూస్తే 50,000. అక్కడ కట్టిన పన్నుకు ఫెడరల్‌లో, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ పన్నులో, ఫారం 1116 ద్వారా క్రెడిట్ (కట్టాల్సిన పన్నులో తగ్గింపు) వస్తుంది. ఇక మిగిలింది కాలిఫోర్నియాకు ఎంత కట్టాలన్న అంచనా. జనవరి 15 లోగా కట్టెయ్యాలి.

మనవాళ్ళే నడిపే ఒక టాక్స్ ఆఫీసుకు వెళ్ళాం. పేరు రాయను. స్టాండర్డ్ డిడక్షన్ 11,080 తీసేశాక మా ఇద్దరి జీతాలు రెండు లక్షల డాలర్లు, స్థలం లాభంతో కలిపి రెండున్నర లక్షలు. అక్కడ లెక్కలు చూసే ఆయన మా కాగితాలు పైపైన తిరగేసి, "9.3 బ్రాకెట్‌లో పడ్డారు సర్. రెండున్నర లక్షల మీద 9.3 వేస్తే 23,250. కాలిఫోర్నియా పన్ను కింద జీతాల్లో పట్టింది 10,900, ఇండియాలో కట్టింది 6,500 తీసేస్తే 5,850 కట్టండి" అన్నాడు.

"మొత్తం మీద 9.3 ఎందుకవుతుందండీ? కింది శ్లాబులకు రేటు తక్కువ కదా?" అని అడిగాను.

"ఇన్నేళ్ళుగా అమెరికాలో ఉంటున్నారు, బ్రాకెట్ అంటే ఏమిటో ఇంకా తెలీదా సర్? కోడింగ్ మీరు చూసుకోండి, పన్నులు మాకు వదిలేయండి" అని అందరికీ వినపడేలా అన్నాడు. అక్కడ కూర్చున్న వేరే కుటుంబాల వాళ్ళు నవ్వారు. మా ఆవిడ ముఖం ఎర్రబడింది. అడ్వాన్సు అప్పటికే కట్టేశాం. నేను మాట్లాడకుండా లేచి వచ్చేశాను. ఆ నవ్వు మాత్రం చెవిలోంచి పోలేదు.

ఇంటికొచ్చి కాలిఫోర్నియా ఆదాయపు పన్ను వసూలు చేసే ఫ్రాంచైజ్ టాక్స్ బోర్డు వాళ్ళ 2024 రేట్ల పట్టిక తీశాను. భార్యాభర్తలు కలిపి వేసే రిటర్నుకు షెడ్యూల్ వై. మొదటి 21,512 డాలర్ల మీద 1 శాతం. అక్కణ్ణుంచి 50,998 దాకా 2, 80,490 దాకా 4, 1,11,732 దాకా 6, 1,41,212 దాకా 8 శాతం. అది దాటిన ప్రతి డాలరుకూ, 7,21,318 వచ్చేదాకా, 9.3 శాతం. ఒక్కో మెట్టూ విడిగా వేసి కూడితే 1,41,212 డాలర్ల వరకు పన్ను 6,217. మిగిలిన 1,08,788 మీద 9.3 శాతం అంటే 10,117. మొత్తం 16,335. మనిషికి 149 చొప్పున మా ఇద్దరికీ, పాపకు 461 క్రెడిట్ తీసేస్తే 15,576. ఆయన చెప్పిన 23,250 ఎక్కడ, ఇదెక్కడ!

అక్కడితో ఆగితే నేనూ తప్పు అంకె కట్టేవాణ్ణి. ఆయన తీసేసిన ఆ 6,500 నాకు కొరుకుడు పడలేదు. వేరే దేశానికి కట్టిన ఆదాయపు పన్నుకు కాలిఫోర్నియా క్రెడిట్ ఇవ్వదు. ఆ సదుపాయం ఫెడరల్ వరకే. పైగా ఫెడరల్‌లో లాగా ఎక్కువ కాలం ఉంచుకున్న ఆస్తికి ఇక్కడ తక్కువ రేటు కూడా లేదు, స్థలం లాభం జీతంతో సమానం. జీతాలతోనే మేం 1,41,212 దాటేశాం కాబట్టి ఆ 50,000 మీద మాత్రం నిజంగానే నిండా 9.3 శాతం, అంటే 4,650 డాలర్లు. జీతాల మీద సగటున పడింది 6 శాతం లోపే.

అంటే ఆయన ఒక చోట వేలల్లో ఎక్కువ వేసి, ఇంకో చోట వేలల్లో తక్కువ చేశాడు. ఒకదాన్నొకటి కప్పేసుకుని చివరి అంకె నమ్మేలా కనిపించింది. 15,576లోంచి జీతాల్లో పట్టిన 10,900 తీసేస్తే నిజంగా కట్టాల్సింది 4,676. ఇలాంటివాళ్ళు చదువుకున్నవాళ్ళ నోరు కూడా మూయించి డబ్బు తీసుకుంటున్నారు. మనవాళ్ళే కదా అని, భాష కలిసింది కదా అని, లెక్క చూడకుండా సంతకం పెట్టకండి. సీపీఏ (లైసెన్సున్న అకౌంటెంటు), ఎన్‌రోల్డ్ ఏజెంట్ (ఫెడరల్ లైసెన్సున్న పన్ను నిపుణుడు), లాయరు కానివాళ్ళు కాలిఫోర్నియాలో డబ్బు తీసుకుని రిటర్నులు తయారుచేయాలంటే సీటీఈసీ (కాలిఫోర్నియా టాక్స్ ఎడ్యుకేషన్ కౌన్సిల్) రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు ముందే అడగండి.

కట్టడం టాక్స్ బోర్డు వాళ్ళ ఆన్‌లైన్ చెల్లింపు వెబ్ పేలో క్షణాల పని. అమ్మింది ఏడాది చివర్లో కాబట్టి ఫారం 5805లో ఆదాయం ఎప్పుడొచ్చిందో ఆ ప్రకారం చూపించాను. ముందు వాయిదాలు కట్టలేదని పెనాల్టీ పడలేదు. ఏడాది మొదట్లోనే అమ్మేవాళ్ళు గుర్తుంచుకోండి, ఇక్కడ వాయిదాలు ఫెడరల్ లాగా సమానంగా ఉండవు. ఏప్రిల్‌లో 30 శాతం, జూన్‌లో 40, సెప్టెంబరులో ఏమీ లేదు, జనవరిలో 30. ఎన్ఆర్ఈ (విదేశాల్లో ఉండేవాళ్ళు ఇండియా బ్యాంకుల్లో వేసే) డిపాజిట్ల వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కానీ ఇక్కడ ఉంది, దాన్నీ కలపండి.

రిటర్ను నేనే వేశాను, నా అంకె డాలరు తేడా లేకుండా సరిపోయింది. ఇప్పుడు మా ఆఫీసులో ముగ్గురు నా షీటే వాడుతున్నారు. ఈ లెక్క జతచేసి, అడ్వాన్సు తిరిగివ్వమని ఆ టాక్స్ ఆఫీసుకు మెయిల్ పెట్టాను. "చూస్తాం సర్" అని జవాబొచ్చింది. వచ్చే వారం మళ్ళీ అడుగుతాను.