66కు 1: ప్రపంచకప్పును అంటిపెట్టుకుని పెరిగిన పందెం

1983 ప్రపంచకప్ మొదలయ్యేనాటికి ఇంగ్లండ్‌లో పందేలు కాయించుకునే బుకీలు భారత జట్టుకు ఇచ్చిన రేటు 66కు 1 అని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక పౌండు కాసినవాడికి, కపిల్ దేవ్ కప్పు అందుకున్న రోజున ఆ పౌండుతో పాటు మరో 66 పౌండ్లు చేతికి వచ్చాయన్నమాట. ఆ రేటు ప్రకారం భారత్ గెలిచే అవకాశం నూటికి ఒకటిన్నర మాత్రమే. అప్పటి రికార్డు చూస్తే దాన్ని చిన్నచూపు అనడానికి లేదు. 1975, 1979 టోర్నీలు రెండింటిలో కలిపి భారత్ గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్, అది కూడా తూర్పు ఆఫ్రికా మీద. 1979లోనైతే ఇంకా టెస్టు హోదా రాని శ్రీలంక చేతిలో సైతం ఓడిపోయింది.

అయినా ఆ రేటు లెక్కలోకి తీసుకోని సంగతి ఒకటుంది. టోర్నీకి రెండు నెలల పైచిలుకు ముందు, మార్చిలో, గయానాలోని బెర్బిస్‌లో గావస్కర్ 90 పరుగులు చేయగా, రెండుసార్లు విశ్వవిజేత అయిన వెస్టిండీస్‌ను భారత్ వాళ్ల గడ్డ మీదే ఓడించింది. ప్రపంచకప్ తొలి మ్యాచ్‌లో మాంచెస్టర్‌లో మళ్లీ ఓడించింది. జూన్ 25న లార్డ్స్‌లో 183 పరుగులకే ఆలౌటైన తర్వాత కూడా అదే వెస్టిండీస్‌ను 140కి కూల్చి 43 పరుగుల తేడాతో కప్పు గెలిచింది. ప్రపంచకప్ మీద పందేనికి ఉన్న ఆకర్షణకు మూలం ఇలాంటి సంఖ్యలే అని నా అభిప్రాయం. 66కు 1 అన్న మాట కథగా మిగిలింది కానీ, ఆ ఏడాది మిగతా ఏడు జట్ల మీద జనం కాసిన సొమ్ము ఎక్కడికి పోయిందో ఎవరూ చెప్పుకోరు.

ఈ టోర్నీ పుట్టిన చోట పందెం చాటుమాటు వ్యవహారం కాదు. బ్రిటన్‌లో 1961 నుంచే చట్టబద్ధమైన బెట్టింగ్ దుకాణాలు ఉన్నాయి. 1975లో అక్కడ జరిగిన తొలి ప్రపంచకప్పులో ఎనిమిది జట్లు, 15 మ్యాచ్‌లు, ఇన్నింగ్స్‌కు 60 ఓవర్లు. దానికి తన పేరు పెట్టి డబ్బిచ్చిన ప్రుడెన్షియల్ ఒక బీమా కంపెనీ. అవకాశాలను అంకెల్లోకి మార్చి, పైన తన వాటా కలుపుకోవడంలో బీమా కంపెనీకీ బుకీకీ పెద్ద తేడా లేదని ఎవరైనా అంటే కాదనలేం.

ఆ వాటా ఎక్కడ దాగి ఉంటుందో చూడాలంటే సమవుజ్జీలైన రెండు జట్లను తీసుకుంటే చాలు. నిజానికి నూరు కాసి గెలిచినవాడికి 200 తిరిగి రావాలి. బుకీ ఇచ్చేది మాత్రం 190. చెరో జట్టు మీద చెరొకరు నూరు కాస్తే, ఎవరు గెలిచినా 190 చెల్లించి పది మిగుల్చుకుంటాడు. ఒక జట్టు మీదే డబ్బు కుమ్మరించినప్పుడు దాని రేటు తగ్గించి, రెండో జట్టు రేటు పెంచి, పందేలను అటువైపు మళ్లిస్తాడు. ఎవరు గెలుస్తారో తెలుసుకోవాల్సిన అవసరం అతనికి అంతగా ఉండదు. అభిమానులు సొంత జట్టును ప్రేమతో మోసే ప్రపంచకప్పులో ఈ సర్దుబాటు మరీ సులువు.

మ్యాచ్ నడుస్తుండగానే కాసే పందెం వచ్చాక ఈ ఆట స్వభావమే మారింది. బంతికీ బంతికీ మధ్య దొరికే విరామమే దానికి ఊపిరి. ఎడతెరిపి లేకుండా సాగే ఫుట్‌బాల్‌లో ఇంత తీరిక ఉండదు. 2023 నవంబర్ 7న ముంబైలో అఫ్గానిస్తాన్ మీద 292 పరుగుల లక్ష్యంతో దిగిన ఆస్ట్రేలియా 91కే ఏడు వికెట్లు పోగొట్టుకుంది. మ్యాక్స్‌వెల్ 33 వద్ద స్వీప్ చేయబోయి గాల్లోకి లేపిన బంతిని షార్ట్ ఫైన్ లెగ్‌లో ముజీబ్ వదిలేశాడు. ఆ తర్వాత కండరాలు పట్టేసి పరుగెత్తలేని స్థితిలో, ఉన్నచోటనే నిలబడి 201 నాటౌట్‌గా మ్యాచ్ ముగించాడు. రెండో వైపు కమిన్స్ 68 బంతులాడి చేసింది 12 పరుగులే. అలాంటి సమయంలో రేటు ఒక కొస నుంచి మరో కొసకు పోతుంది. అఫ్గాన్ గెలుపు ఖాయమనుకుని పెద్ద మొత్తాలు కాసినవారే ఎక్కువగా మునిగేది ఇలాంటి రోజుల్లో.

ఫలానా బంతి నోబాల్ అవుతుందా లాంటి, గెలుపోటములతో సంబంధం లేని చిన్న చిన్న పందేలు అవినీతికీ దారి చూపాయి. 2000లో ఢిల్లీ పోలీసులు బయటపెట్టిన ఫోన్ సంభాషణలతో దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోనే ఫిక్సింగ్ బాగోతం వెలుగు చూశాక ఐసీసీ అవినీతి నిరోధక విభాగాన్ని ఏర్పాటు చేసింది. 2010లో లార్డ్స్ టెస్టులో పాకిస్తాన్ బౌలర్లు ముందే కుదిరిన ఒప్పందం ప్రకారం నోబాల్స్ వేసి జైలుపాలయ్యారు. మొత్తం మ్యాచ్‌ను అమ్మడం కంటే ఒక్క బంతిని అమ్మడం తేలిక, పట్టుకోవడం కష్టం.

టోర్నీ రూపురేఖలు మారడంలోనూ డబ్బు లెక్క కనిపిస్తుంది. 2007లో మార్చి 17 ఒక్కరోజే బంగ్లాదేశ్ భారత్‌నూ, ఐర్లాండ్ పాకిస్తాన్‌నూ ఓడించాయి. మూడేసి మ్యాచ్‌లకే రెండూ ఇంటిదారి పట్టగా, భారత్-పాక్ పోరు జరుగుతుందనుకున్న ఏప్రిల్ 15న బార్బడోస్‌లో ఐర్లాండ్, బంగ్లాదేశ్ తలపడ్డాయి. ప్రసార హక్కులు కొన్నవారికీ, బుకీలకూ అంతకన్నా చేదు రోజు ఉండదు. 2011లో ప్రతి జట్టుకూ కనీసం ఆరు మ్యాచ్‌లు, 2019లో పదే జట్లతో తొమ్మిదేసి మ్యాచ్‌లు ఏర్పాటయ్యాయి. పెద్ద జట్లు తొందరగా వెళ్లిపోకుండా కట్టిన ఈ గోడ బయట చిన్న జట్లు నిలిచిపోవడం నాకు నచ్చని విషయం.

భారత్‌లో 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ, వాటి ప్రకటనలనూ, చెల్లింపులనూ నిషేధించింది. జాతీయ జట్టు జెర్సీ మీద అప్పటిదాకా ఉన్న ఫాంటసీ క్రికెట్ యాప్ డ్రీమ్ 11 పేరు కూడా దానితోనే పోయింది. ఆ చట్టం తర్వాత రాబోయే తొలి పురుషుల వన్డే ప్రపంచకప్ 2027లో దక్షిణాఫ్రికా, జింబాబ్వే, నమీబియాల్లో జరగవలసి ఉంది. అందులో పదికి బదులు 14 జట్లు, మొత్తం 54 మ్యాచ్‌లు.