మర్నాటికి రుచి గుర్తులేని తిండి

నా గాల్ బ్లాడర్ (పిత్తాశయం) పోయింది ఆఫీసు కేకు ముక్క వల్లనే అని మా అమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. డాక్టరు అలా అనలేదు. రాళ్లు అంతకు ముందే చేరి ఉన్నాయి, కేకు వాటిని కదిలించిందంతే అన్నాడు. అయినా నాకూ ఆ కేకు మీదే కోపం. ఎందుకంటే అది బాగా కూడా లేదు.

మాది మదనపల్లె. పదహారేళ్లుగా బెంగళూరులో, బీటీఎం లేఅవుట్‌లో ఉంటున్నాం. బొమ్మనహళ్లి వైపు ఒక గార్మెంట్స్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. జనవరిలో చేయించుకున్న చెకప్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్, అంటే లివర్‌లో కొవ్వు పేరుకుందని తేలింది. 158 సెంటీమీటర్ల ఎత్తుకు 76 కిలోలున్నాను. ఎత్తుకూ బరువుకూ లెక్క కట్టే బీఎంఐ 30. మనవాళ్లకు 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క. ఉన్న బరువులో ఏడు నుంచి పది శాతం తగ్గినా లివర్ బాగా కోలుకుంటుంది, ఆరు నెలలు తీసుకోండి, తొందరేం లేదు అని డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు. నేను వినలేదు. అకౌంట్స్ వాళ్లకు ఏదైనా మార్చి ఆఖరుకు క్లోజ్ అయిపోవాలి.

ఫోన్‌లో ఒక ఆప్ వేసుకుని తిన్నదల్లా అందులో ఎక్కించడం మొదలుపెట్టాను. గ్రాము నూనెకు, నెయ్యికి 9 కేలరీలు, పిండిపదార్థాలకూ ప్రోటీన్‌కూ గ్రాముకు 4 అని చదివాక ఇంకేముంది, నూనె చుక్క కనబడితే ఖర్చు రాసినట్టే ఉండేది. పొద్దున నీళ్లలో ఉడికించిన ఓట్స్, మధ్యాహ్నం దోసకాయ ముక్కలు, రాత్రి సూపు. తాలింపు లేని పప్పు కూడా కొన్నాళ్లు తిన్నాను, అది చెప్పుకునే విషయం కాదు. ఎనిమిది వారాల్లో 13 కిలోలు పోయాయి. ఆఫీసులో అందరూ ఆహా అన్నారు. జుట్టు రాలడం ఎవరూ చూడలేదు.

ఉగాదికి అమ్మ ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసి బస్సులో ఒక తెలిసినాయన చేతికిచ్చి పంపింది. అరిటాకులో చుట్టి, పైన గుడ్డ కట్టి, చిన్న సీసాలో నెయ్యి. మూట విప్పగానే యాలకుల వాసన హాలంతా పాకింది. పిల్లలకూ మా ఆయనకూ పెట్టి, నేను వాసన చూసి పక్కన పెట్టాను. ఒక్కటి నెయ్యితో కలిపి 250 అని ఆప్ చెప్పింది మరి.

వారం తర్వాత ఆఫీసులో ఎవరిదో పుట్టినరోజు. ప్లాస్టిక్ ప్లేటులో ఒక పెద్ద ముక్క చేతిలో పెట్టి, ‘తగొళి మేడమ్’ అన్నారు. వద్దంటే బాగోదని తిన్నాను. పైన క్రీమ్ అంగిలికి అంటుకుపోయింది, డాల్డాలో చక్కెర కలిపినట్టుంది. లోపల స్పాంజి ఫ్రిజ్‌లో ఎండిపోయి పొడిగా రాలింది. రెండు నెలలు నెయ్యి ముట్టనిదాన్ని, అమ్మ ఓళిగను కాదన్నదాన్ని, దాన్ని మాత్రం మర్యాద కోసం మొత్తం తినేశాను.

రాత్రి పదకొండుకు మొదలైంది. కుడి వైపు పక్కటెముకల కింద ఎవరో పిడికిలి పెట్టి నొక్కుతున్నట్టు. గ్యాసేమో అని జీలకర్ర నీళ్లు తాగాను, అటూ ఇటూ తిరిగాను. నొప్పి వెనక్కి పాకి కుడి భుజం కిందికి చేరింది. వాంతి అయింది. ఒంటిగంటకు ఆయన ఆటో పిలిచారు. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు పక్కటెముకల కింద వేళ్లు పెట్టి ‘ఊపిరి గట్టిగా పీల్చండి’ అంది. పీల్చబోయి సగంలో ఆగిపోయాను. స్కానింగ్ కాకముందే ఆ అమ్మాయికి అర్థమైపోయిందని ముఖం చూస్తే తెలిసింది.

మర్నాడు సర్జన్ కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. లివర్ తయారు చేసే పిత్తరసం ఈ సంచిలో నిలవ ఉంటుంది. కొవ్వు తిన్నప్పుడు సంచి ముడుచుకుని దాన్ని పేగులోకి వదులుతుంది. ఒళ్లు మరీ వేగంగా కరిగితే లివర్ ఆ రసంలోకి కొలెస్ట్రాల్ ఎక్కువ పంపుతుంది. నేనేమో నూనె, నెయ్యి బొత్తిగా మానేసి సంచికి పని లేకుండా చేశాను. నిలవున్న రసం చిక్కబడి రాళ్లు కట్టింది. వారానికి కిలోన్నర కన్నా వేగంగా తగ్గేవాళ్లకు ఈ ప్రమాదం ఎక్కువట. నా లెక్క అంతకు కాస్త పైనే ఉంది. చాన్నాళ్లకు ఒకేసారి అంత కొవ్వు పడేసరికి సంచి గట్టిగా ముడుచుకుంది, ఒక రాయి వచ్చి మూతిలో ఇరుక్కుంది.

నాలుగు చిన్న గాట్లతో సంచినే తీసేశారు. ఆపరేషన్ సంగతి పెద్దగా చెప్పడానికి లేదు, మత్తులో ఉన్నాను కదా. తర్వాత పొట్ట కన్నా భుజం ఎక్కువ నొప్పి పెడితే భయపడ్డాను. పొట్ట ఉబ్బించడానికి ఎక్కించిన గ్యాస్ కాస్త మిగిలిందని, నడిస్తే పోతుందని నర్సు చెప్పింది. వార్డులో గోడ పట్టుకుని నడిచాను. తీసిన రాళ్లు చిన్న డబ్బాలో వేసి ఇచ్చారు, పదకొండు. మా చిన్నోడు వాటిని స్కూలుకు తీసుకుపోతానని ఏడ్చాడు.

అమ్మ వచ్చి నెల రోజులుంది. మొదట గంజి, మెత్తటి అన్నంలో పప్పు తేట, ఇడ్లీ. సంచి లేకపోతే పిత్తరసం ఎప్పటికప్పుడు నేరుగా పేగులోకే జారుతూ ఉంటుంది కాబట్టి కొవ్వు కొద్దికొద్దిగా అలవాటు చేయమన్నారు. మొదట్లో కాస్త ఎక్కువైతే బాత్రూముకు పరుగే. అందుకని రోజుకు ఒక టీస్పూన్ నెయ్యి మాత్రమే అనుకున్నాం. సుమారు 45 కేలరీలు. దాన్ని ఎందులో వేసుకోవాలన్నది ఆ రోజుల్లో నాకు పెద్ద ప్రశ్న. పొద్దున్నే లేచి ఆలోచించేదాన్ని, ఇడ్లీ మీదా, పప్పన్నంలోనా అని.

ఒకరోజు టీతో మారీ బిస్కెట్లు ముంచుకుంటుంటే అమ్మ అడ్డం పడింది. “ఏం పాపా, నేను చేసి పంపిన ఓళిగ తింటే లావైపోతావు, ఈ అట్టముక్కలు తింటే కావా?” అంది. నాకు కోపమొచ్చింది. కానీ మర్నాడు పొద్దున, నిన్న సాయంత్రం బిస్కెట్లు ఎలా ఉన్నాయని ఆలోచిస్తే ఏమీ గుర్తు రాలేదు. ఎన్ని తిన్నానో కూడా.

అప్పుడు ఆప్ తీసేసి మామూలు లెడ్జరు పుస్తకం ఒకటి పెట్టాను. ఎడమవైపు నిన్న తిన్నవి. కుడివైపు ఒకటే ప్రశ్న: రుచి గుర్తుందా? దానికి జవాబు మర్నాడు పొద్దునే రాయాలి, తిన్న రోజు రాయకూడదు.

నెల తిరిగేసరికి కుడివైపు సున్నాలు పడ్డవాటిని చూస్తే సిగ్గేసింది. మారీలు. మల్టీగ్రెయిన్ అని రాసున్నవి కూడా, 100 గ్రాములు కొంటే ఏ బిస్కెట్టయినా ఇంచుమించు 450 కేలరీల దగ్గరే. ఎవరో పంచిన స్వీటు డబ్బాలో మైసూర్ పాక్, చల్లారిన డాల్డా వాసనతో. పిల్లల టిఫిన్ డబ్బాల్లో మిగిలిన చల్లటి చపాతీ ముక్కలు, పారేయలేక నిలబడి నమిలినవి. సిల్క్ బోర్డు జంక్షన్‌లో బస్సు కదలక తిన్న చిప్స్. రోజుకు నాలుగు టీల్లో రెండేసి చెంచాల చక్కెర. వీటిలో ఒక్కదాన్నీ నేను కావాలని తినలేదు, చేతికి తగిలితే తిన్నాను.

గుర్తున్నవి వేరే. ఆదివారం అమ్మ చేసిన బొరుగుల ఉగ్గాని, అందులో నిమ్మరసం. పెద్ద గిన్నెడు బొరుగులు తూకం వేస్తే పెద్ద బరువేం లేవు, అంత తిన్నా ఏం లెక్కలోది కాదు. ఊరిబిండి, సంగటి ముద్ద. బేనీషా మామిడి, కోసేటప్పుడు మోచేతి దాకా కారిన రసంతో సహా. ఆయనతో సగం సగం పంచుకున్న బెణ్ణె దోసె. బెణ్ణె దోసెలో వెన్న ఎంతుందో నాకు తెలియక కాదు. అయినా అది పుస్తకంలో నిలబడింది, కేకు నిలబడలేదు.

ఓట్స్ పద్దు కూడా నిలబడలేదు. దాని మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు.

వినాయక చవితికి ఓళిగ తిన్నాను. ఒక్కటే, వేడిది, నెయ్యి వేసుకుని. అమ్మ ఎదురుగా కూర్చుని చూసింది, ఏమీ అనలేదు, ఇంకోటి మాత్రం కంచంలోకి తోసింది. అది చిన్నోడికి పోయింది. మంచంలో ఉన్న నెలలో కొంత పెరిగిన బరువు నెలకు కిలో, కిలోన్నర చొప్పున దిగుతూ ఇప్పుడు 64 దగ్గరుంది. మొన్నటి స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1కి వచ్చింది.

కార్తీకం ఆఖరి సోమవారం బసవనగుడిలో కడలేకాయి పరిషె, అంటే వేరుశనగ జాతర. బుల్ టెంపుల్ రోడ్డంతా చెనక్కాయల రాసులే. తెలుగులో పిలుస్తున్న ఒకామె దగ్గర ఆగాను. మాది మదనపల్లె అంటే వాళ్లది మా పక్కనే, ములకలచెరువు. సేరు కొలిచి, పైన దోసెడు కొసరు వేసింది. ఉడికించినవి కొన్నాం, వేయించినవి కొన్నాం. చెనిగ్గింజల్లో సగానికి సగం నూనేనని, వేయించినవి పిడికెడు తింటే 170 దాకా ఉంటుందని నాకు తెలుసు. ఫుట్‌పాత్ మీద నిలబడి ఒలుచుకుంటూ తిన్నాం, ఆయన నాకన్నా వేగంగా.

మర్నాడు పొద్దున పుస్తకం తీశాను. ఉప్పు గుర్తుంది, ఉడికిన తొక్క లోపలి నీళ్లు గుర్తున్నాయి. ఆఖరున తగిలిన పుచ్చు గింజ చేదు అన్నిటికన్నా బాగా గుర్తుంది. దానికి కుడివైపు ఏం రాయాలో తోచక కాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను.