మిగతా మూడూ ఎందుకు కావు?

2022 జూన్ 5న యూపీఎస్సీ సివిల్స్ ప్రిలిమ్స్ రెండు పేపర్లూ రాసి చెన్నై అన్నానగర్‌లోని గదికి చేరేసరికి సాయంత్రం ఆరు దాటింది. కింద హాల్లో మామ్మగారు టీవీ ముందు కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. ఆవిడే మా ఇంటి యజమానురాలు. వాళ్ల తాతలు నెల్లూరు వైపు నుంచి మద్రాసుకు వచ్చి స్థిరపడ్డారట. తెలుగు చక్కగా మాట్లాడతారు, చదవడం మాత్రం తమిళమే.

"ఎలా రాశావు నాయనా?"

"బాగానే రాశానండీ."

ఆ 'బాగానే' ఎంత బాగానో రాత్రి స్నేహితులతో జవాబులు సరిచూసుకున్నప్పుడు తెలిసింది. పాలిటీలో, అంటే రాజ్యాంగం, పాలన విభాగంలో ఒక ప్రశ్న. మొదటి వాక్యం: ప్రభుత్వ అధికారుల్లో అటార్నీ జనరల్, సొలిసిటర్ జనరల్ మాత్రమే పార్లమెంటు సమావేశాల్లో పాల్గొనవచ్చు. రెండో వాక్యం: తనను నియమించిన ప్రభుత్వం రాజీనామా చేసినప్పుడు అటార్నీ జనరల్ కూడా రాజీనామా ఇవ్వాలని రాజ్యాంగం చెబుతోంది. అటార్నీ జనరల్ అంటే కేంద్ర ప్రభుత్వానికి మొదటి న్యాయాధికారి, సొలిసిటర్ జనరల్ ఆయన తర్వాతివాడు. అటార్నీ జనరల్ పేరు కనపడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. మొదటిది ఒప్పు అని సున్నా నింపేశాను. నిజానికి రెండూ తప్పే.

నాకు సిగ్గనిపించింది ఆ తప్పుకు కాదు. ఆ ప్రశ్న నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. 2000లో 'కౌన్ బనేగా కరోడ్‌పతి' మొదలైన ఏడాదే హర్షవర్ధన్ నవాథే కోటి రూపాయలు గెలిచాడు. అప్పట్లో అతను కూడా మనలాగే సివిల్స్‌కు చదువుతున్నాడు. అతని కోటి రూపాయల ప్రశ్న ఇదే: పార్లమెంటు కార్యకలాపాల్లో పాల్గొనడానికి రాజ్యాంగం వీరిలో ఎవరిని అనుమతిస్తుంది? సొలిసిటర్ జనరల్, అటార్నీ జనరల్, కేబినెట్ సెక్రటరీ, ప్రధాన న్యాయమూర్తి. జవాబు అటార్నీ జనరల్. మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన జవాబు అది. ఇరవై రెండేళ్ల తర్వాత యూపీఎస్సీ అదే ప్రశ్నలోని తప్పు ఆప్షన్‌ను తెచ్చి ఒప్పు పక్కన కూర్చోబెట్టింది. ఒప్పు ఒక్కటే తెలిసినవాణ్ణి కాబట్టి నేను దాని వాసన పట్టలేకపోయాను.

మర్నాడు ఆ పాత ఎపిసోడ్ ముక్కను ఫోనులో మామ్మగారికి చూపించాను. నాగార్జున నడిపిన 'మీలో ఎవరు కోటీశ్వరుడు' రోజుల నుంచీ ఆవిడకు ఈ ఆటంటే ఇష్టం. చివరిదాకా చూసి, "సరే, అటార్నీ జనరల్. మిగతా ముగ్గురూ ఎందుకు కాదు?" అన్నారు. ఆవిడ మామూలుగానే అడిగారు. నా దగ్గర జవాబు లేదు. "వాళ్లు కాదు కాబట్టి కాదండీ" అన్నాను. చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టి ఒకసారి నావైపు చూశారు, అంతే.

ఆ చూపు తర్వాతే ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ కొన్నాను. నియమం ఒకటే. ఏ ప్రశ్న చేసినా ఒప్పు జవాబుకు ఒక్క లైను, మిగతా మూడింటికీ పేజీ. మొదటి పేజీ సహజంగానే కోటి రూపాయలదే. 76వ అధికరణం అటార్నీ జనరల్ పదవిని ఏర్పాటు చేస్తుంది. ఆయన రాష్ట్రపతి విశ్వాసం ఉన్నంత కాలం కొనసాగుతాడు. ప్రభుత్వం మారితే తప్పుకోవడం ఆనవాయితీయే గాని రాజ్యాంగ నియమం కాదు. 88వ అధికరణం ప్రకారం ఉభయ సభల్లోనూ మాట్లాడవచ్చు, ఓటు మాత్రం లేదు. సొలిసిటర్ జనరల్ అన్న మాటే రాజ్యాంగంలో లేదు. కేబినెట్ సెక్రటరీదీ అదే పరిస్థితి. ప్రధాన న్యాయమూర్తికి సభలో చోటు లేదు. ఇక్కడ ఒక పిల్లదారి ఉంది: 1969లో హిదయతుల్లా ప్రధాన న్యాయమూర్తిగా ఉంటూనే తాత్కాలిక రాష్ట్రపతిగా పనిచేశారు. గ్రూప్స్ రాసేవాళ్లు ఇదే పేజీలో రాష్ట్రాల సంగతి కూడా చేర్చుకోండి. అడ్వొకేట్ జనరల్‌కు 165, శాసనసభలో ఆయన మాట్లాడే హక్కుకు 177.

ఈ పద్ధతి చాలా నెమ్మది. రోజుకు పదిహేను ప్రశ్నలు దాటేవి కావు. మా గదిలోవాళ్లు రోజుకు వంద ప్రశ్నలు చేస్తుంటే, కొట్టూర్‌పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో ఒక్క ప్రశ్న ముందు అరగంట కూర్చున్న రోజులున్నాయి. ఏదో పొరపాటు చేస్తున్నానేమో అన్న భయం నెలల తరబడి పోలేదు.

ఆ భయం తగ్గింది తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో. 2011లో ఇదే ఆటలో సుశీల్ కుమార్ ఐదు కోట్లు గెలిచాడు, అతనిదీ సివిల్స్ కలే. చివరి ప్రశ్న: 1868లో నికోబార్ దీవుల హక్కులను బ్రిటిష్ వాళ్లకు అమ్మి భారతదేశంతో తెగతెంపులు చేసుకున్న వలస శక్తి ఏది? బెల్జియం, ఇటలీ, డెన్మార్క్, ఫ్రాన్స్. జవాబు డెన్మార్క్. నోట్‌బుక్‌లో ఈ పేజీ మొదలుపెట్టిన వారానికి చెన్నై నుంచి బస్సెక్కి తరంగంబాడి వెళ్లి, డేన్లు, అంటే డెన్మార్క్ వాళ్లు, అక్కడ కట్టిన కోట చూసివచ్చాను. చదువు మానేసి తిరగడానికి అంతకన్నా మంచి సాకు దొరకలేదని ఒప్పుకుంటున్నాను.

సముద్రానికి ఎదురుగా డాన్స్‌బోర్గ్ కోట ఉంటుంది. డేన్లు 1620లో కట్టడం మొదలుపెట్టారు. ఊళ్లోకి వెళ్లే దారిలో 1792 నాటి తెల్లటి ద్వారం, దాని మీద డెన్మార్క్ రాజచిహ్నం. కోట దగ్గర పొట్లంలో వేరుశనగలు తింటూ ఆ ప్రశ్నలోని అసలు గోతిని పట్టుకున్నాను. డేన్లు తరంగంబాడిని, బెంగాల్‌లోని సేరంపూర్‌ను అమ్మేసింది 1845లో. ఆ సంవత్సరం మాత్రమే చదివినవాడు ఏం చేస్తాడు? '1845లోనే వెళ్లిపోయారు, ఇక 1868లో ఎక్కడివాళ్లు?' అని డెన్మార్క్‌నే ముందు కొట్టేస్తాడు. ఏమీ తెలియనివాడికి నాలుగూ సమానం. సగం తెలిసినవాడే సరిగ్గా ఒప్పు జవాబును కొట్టేసి వస్తాడు. జూన్ 5న నేను చేసింది అదే కదా!

మిగతా మూడూ చూడండి. ఫ్రాన్స్‌ను తీసేయడానికి తెలుగువాళ్లకు యానాం గుర్తుంటే చాలు, ఫ్రెంచి పాలన అక్కడ 1954 దాకా సాగింది. బెల్జియం 1830 దాకా దేశమే కాదు. అయినా ఉత్తినే పెట్టిన పేరు కాదది. నేటి బెల్జియంలోని ఓస్టెండ్ రేవు పేరుతో నడిచిన కంపెనీకి పద్దెనిమిదో శతాబ్దంలో మన చెన్నై పక్కనే కోవలంలో స్థావరం ఉండేది. ఇటలీ 1860లలో నికోబార్‌ను కొనాలని డెన్మార్క్‌తో బేరమాడింది, కుదరలేదు. నాలుగు ఆప్షన్లలో నాలుగింటికీ చరిత్ర ఉంది. తీరిక ఉన్నవాళ్లు ఇంకొకటి రాసుకోండి: తరంగంబాడిలోని క్రైస్తవ మిషన్ నుంచి మద్రాసుకు వచ్చిన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకుని, 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు.

ఊహించి పెట్టడం గురించి చాలామంది అడుగుతుంటారు కాబట్టి కొంచెం లెక్క. నవాథే ఆడిన రోజుల్లో చివరి ప్రశ్న ముందు లేచిపోతే 50 లక్షలు. తప్పు చెబితే 3 లక్షల 20 వేలకు పడిపోవాలి. ఇద్దరిలో ఒకరని తేలాక నాణెం ఎగరేస్తే సగటున వచ్చేది 51 లక్షల 60 వేలు. అంత చిన్న ఆశకు అంత పెద్ద గండం ఎవరు ఎత్తుకుంటారు? మన పరీక్షలో లెక్క వేరు, ఒప్పుకు 2 మార్కులు, తప్పుకు 0.66 కోత. రెండింటి మధ్య తేలని ప్రశ్నలు పది ఉంటే, ఐదు ఒప్పయితే 10 వస్తాయి, ఐదు తప్పయితే 3.3 పోతాయి. అక్కడ వదిలేసి రావడం పిరికితనమే. అసలేమీ తెలియనివి పన్నెండు పెడితే మాత్రం మూడింటికి 6 వచ్చి, తొమ్మిదింటికి 5.94 పోతాయి. ఆ శ్రమకు మిగిలేది గుండుసున్నా. ఇంకో తేడా, టీవీలో 'లాక్ చేయమంటారా?' అని అడిగే మనిషి ఉంటాడు. నల్ల బాల్‌పెన్నుతో ఓఎంఆర్ షీటు నింపేటప్పుడు మనల్ని అలా ఎవరూ అడగరు.

అయితే ఆప్షన్లను కొట్టేసుకుంటూ పోయే విద్యకు 2023లో యూపీఎస్సీ గట్టి దెబ్బే వేసింది. చాలా ప్రశ్నల్లో 'ఒకటి మాత్రమే, రెండు మాత్రమే, మూడూ' అని ఇచ్చారు. ఒక్క వాక్యం తెలిస్తే సగం ఆప్షన్లు ఎగిరిపోయే రోజులు పోయాయి. ప్రతి వాక్యానికీ విడివిడిగా ఎందుకు ఒప్పో, ఎందుకు తప్పో తెలియాలి. నా నత్తనడక నోట్‌బుక్ పనికొచ్చింది అక్కడే. ఆ ఏడు జనరల్ కటాఫ్ 75.41కి దిగింది, నేను గట్టెక్కాను. అంతకుముందు 2022 కటాఫ్ 88.22. నా మార్కులు 86 చిల్లర. ఆ అటార్నీ జనరల్ ప్రశ్న ఒక్కటి ఒప్పయి ఉంటే పోయిన 0.66 తిరిగొచ్చి, రావలసిన 2 చేరి దాటేసేవాణ్ణి. ఆ కూడిక ఎన్నిసార్లు చేశానో నాకే తెలియదు.

మెయిన్స్‌లో పోయింది. అక్కడ ఆప్షన్లుండవు, ఆ సంగతి ఇంకోసారి రాస్తాను. ఇప్పుడు మళ్లీ అదే గదిలో, మూడో నోట్‌బుక్‌తో ఉన్నాను. నిన్న సాయంత్రం మామ్మగారి కోసం బజారు నుంచి బీరకాయలు తెచ్చాను. సంచీలోకి తొంగిచూసి, "బెండ, వంకాయ, పొట్ల ఎందుకు కాదో చెప్పు" అన్నారు. బెండకాయలు ముదిరిపోయాయనీ, వంకాయల్లో పుచ్చులున్నాయనీ చెప్పాను. పొట్లకాయ దగ్గర ఆగిపోయాను.