మే నెల ఎండల్లో కుండీల్లోని పండ్ల చెట్లు

మా డాబా మీద నిమ్మ, జామ, దానిమ్మ, ఒక సపోటా ఉన్నాయి, అన్నీ కుండీల్లోనే. విజయవాడ ఎండలు తెలుసు కదా, మే వచ్చేసరికి స్లాబు మీద చెప్పుల్లేకుండా కాలు పెట్టలేం, ఇక కుండీలో వేర్ల పరిస్థితి ఆలోచించండి. నేలలో చెట్టయితే వేరు లోపలికి పోయి చల్లదనం వెతుక్కుంటుంది, కుండీలో దానికి ఆ దారే లేదు.

అందుకే పొద్దున ఎండెక్కకముందే నీళ్లు పోసేస్తా, రోహిణి కార్తెలో అయితే సాయంత్రం ఇంకోసారి. ముందు వేలు మట్టిలోకి రెండంగుళాలు గుచ్చి చూస్తా, తడి తగిలితే ఆగిపోతా. మధ్యాహ్నం ఆకులు వాలిపోయాయని కంగారుపడి పైపు పట్టకండి, అందులో నిలిచిన నీళ్లు అప్పటికి కాగిపోయి ఉంటాయి!

పోయినేడు దానిమ్మ విషయంలో పెద్ద తప్పు చేశా. నీళ్లు పోయగానే కింద నుంచి కారిపోతుంటే బాగా తడిసిందనుకున్నా, తీరా చూస్తే మట్టి ఎండి కుండీ గోడ నుంచి విడిపోయింది, నీళ్లన్నీ ఆ సందులోంచే పోతున్నాయి, మధ్యలో ముద్ద మాత్రం పొడిపొడిగా ఉంది. తర్వాత ఒక్కసారిగా ఎక్కువ పోసేసరికి కాయలు టపటపా పగిలాయి, చాలా బాధేసింది. దానిమ్మకి తడి హెచ్చుతగ్గులు అస్సలు పడవు. ఇప్పుడు పైమట్టి కాస్త గుల్ల చేసి, కొంచెం కొంచెంగా మూడు విడతల్లో పోస్తున్నా.

మట్టి మీద ఎండుటాకులు, కొబ్బరి పీచు మందంగా కప్పా, పైన గ్రీన్ నెట్ కట్టా. యూరియా లాంటివి ఈ ఎండల్లో వద్దు, వేర్లు మాడతాయి. నిమ్మకి ఇప్పుడు గోలీలంత కాయలున్నాయి, రోజూ వెళ్లి లెక్కపెట్టుకుంటున్నా.