జిప్సీ ఫైబర్ టాప్: నలుగురి పని నా ఒక్కడి చేతికి వచ్చేదాకా

మొదటి ఆదివారం

నా జిప్సీ బండి టాప్, అంటే పైకప్పు, ఊడదీయడం ఉదయం ఎనిమిదింటికి మొదలుపెట్టాం. టాప్ నేల మీదికి వచ్చేసరికి పదింపావు. నేను, పై పోర్షన్‌లో ఉండే అన్న, ఆయన తమ్ముడు, ఎదురింటి కుర్రాడు, మొత్తం నలుగురం. సాయంత్రం నాలుగున్నరకల్లా కగ్గదాసపుర మీద మబ్బు కమ్మింది. బెంగళూరులో ఏప్రిల్ వాన ఎలా వస్తుందో ఇక్కడున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. మళ్ళీ ఆ నలుగురినీ కూడగట్టి టాప్ ఎక్కించడానికి ఇంకో గంటన్నర పట్టింది. తడిసిన సీట్లు మూడు రోజులకు గానీ ఆరలేదు.

నాది 2004 మారుతి జిప్సీ కింగ్. జిప్సీ మన దేశంలోకి 1985లో వచ్చింది. 1996లో 1.3 లీటర్ల ఇంజిన్‌తో కింగ్ అయింది. 2019లో మామూలు కొనుగోలుదారులకు అమ్మకం ఆగిపోయింది. ఇప్పుడు దొరికేవన్నీ పాతవే కాబట్టి ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి. నా బండికి గ్లాస్ ఫైబర్ టాప్. దాన్ని తీస్తే ఆ బండి స్వభావమే మారిపోతుంది. అలా ఎప్పుడు పడితే అప్పుడు తీసి నడపాలన్న కోరిక కొన్ననాటి నుంచీ ఉంది. కానీ సెలవు పూట నలుగురిని బతిమాలి, సాయంత్రం మళ్ళీ పిలవాలంటే ఏడాదికి ఒక్కసారి కూడా తీయలేం.

మాజ్డా ఎంఎక్స్-5 లాంటి రెండు సీట్ల స్పోర్ట్స్ కార్ల వాళ్ళు ఈ పని ఎలా చేసుకుంటారో చూశాను. పాత ఎంఎక్స్-5 హార్డ్ టాప్ బరువు సుమారు 20 కిలోలు. ముందు అద్దం ఫ్రేమ్ మీద రెండు లాచ్‌లు (గడియలు), పక్కల రెండు, ఇంకా వెనక పట్టు. లాచ్‌లు విప్పి ఇద్దరు చెరోవైపు పట్టుకుంటే వచ్చేస్తుంది. ఒంటరిగా ఉన్నవాళ్ళు గ్యారేజీ పైకప్పుకు గిలకలు కట్టి పైకి లాగి వదిలేస్తారు. ఆ గిలకల ఏర్పాటే నాకూ కావాలనుకున్నాను. నా టాప్ నాలుగు మూలలూ ఒక్కొక్కటిగా వేలాడే త్రాసుకు తగిలించి తూచి కలిపితే 54 కిలోలు వచ్చింది.

అంతా బరువుదే సమస్య అనుకుని గిలకల లెక్క వేసుకుంటున్న రోజుల్లో నాన్న మార్కాపురం నుంచి వచ్చాడు. పోర్టికోలో నిలబడి నేను గీసిన బొమ్మ చూసి, "ఒరే, ఎత్తేది తర్వాత సంగతి. ఆ రోజు మీరు రెండు గంటల పైన చేసింది ఎత్తడమా, ఊడదీయడమా?" అన్నాడు. అడిగాక లెక్క కట్టాను. ఎత్తి పక్కన పెట్టడానికి పట్టింది అయిదు నిమిషాలు. మిగతాదంతా బోల్టులు, టాప్‌కూ బాడీకీ మధ్య అతుక్కుపోయిన రబ్బరు బీడింగ్, వెనక వైర్లు. అక్కడి నుంచి పని వరస మార్చాను.

బోల్టులు

మొత్తం పన్నెండు. ముందు అద్దం ఫ్రేమ్‌కు నాలుగు, పక్కకు నాలుగేసి. అన్నీ ఎం8, అంటే 8 ఎంఎం లావు బోల్టులే. అయినా ఏడింటికి 12 పానా, అయిదింటికి 13 పానా పడుతోంది. జిప్సీ అసలు సుజుకీ బండి, దాని జపాన్ కొలతల్లో ఎం8 తలకు 12 పానా వాడతారు. మన హార్డ్‌వేర్ షాపులో అదే ఎం8 అడిగితే 13 తలది ఇస్తారు. ఎప్పుడో ఎవరో పోయినవాటి బదులు వేసినవి ఆ అయిదూ. పక్క బోల్టుల నట్లు బాడీ అంచు కింద వదులుగా ఉంటాయి. అంటే లోపల ఒకడు తిప్పుతుంటే బయట ఇంకొకడు నట్టు పట్టుకోవాలి. ఇద్దరు లేనిదే పక్కల్లో ఒక్క బోల్టూ రాదు.

మొదట చేసింది ఆ రెండో మనిషి అవసరం తీసేయడం. 3 ఎంఎం మందం, అంగుళం వెడల్పు పట్టీని 80 ఎంఎం ముక్కలుగా కోయించి, ఒక్కో ముక్కకు ఒక ఎం8 నట్టు వెల్డింగ్ చేయించాను. ప్రైమర్, రెండు కోట్ల పెయింటు వేసి ఆ ముక్కలను అంచు కింద చిన్న రివెట్లతో బిగించాను. ఇక నట్టు తిరగదు, పడిపోదు. రేకు రంధ్రంలోనే నొక్కి బిగించే రివెట్ నట్లు వాడదామని మొదట అనుకున్నాను. పల్చటి పాత రేకులో అవి కొన్నాళ్ళకు గుండ్రంగా తిరగడం మొదలుపెడితే బోల్టు రాదు, పోదు. అందుకే మానుకున్నాను.

పైన బోల్టు బదులు చేత్తో తిప్పే స్టార్ నాబ్‌లు. ఎస్‌జేపీ రోడ్డులో స్టెయిన్‌లెస్ స్టడ్ (మరల కడ్డీ) ఉన్నవి మెరుస్తూ కనిపించాయి. నేను జింక్ పూత స్టీలువి తీసుకున్నాను. స్టెయిన్‌లెస్ నట్టులో స్టెయిన్‌లెస్ బోల్టును బిగిస్తే మరలు ఒకదాన్నొకటి కొరుక్కుని పట్టేస్తాయి. ఇంతకుముందు నంబర్ ప్లేటు దగ్గర ఒకటి అలాగే పట్టేస్తే కోసి తీయాల్సి వచ్చింది. ఇక్కడ నట్టు మామూలు స్టీలే కాబట్టి ఆ ప్రమాదం తక్కువేగానీ, ఆ అనుభవం తర్వాత మనసు ఒప్పలేదు.

పాయింట్ల సంఖ్య మాత్రం తగ్గించలేదు. "పన్నెండెందుకు, ఆరు చాల్లే" అని వెల్డింగ్ మేస్త్రీ అన్నాడు. నేను వినలేదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకు 40 కిలోల బరువు పైమాటే. అందులో కొంత భాగం పైకి లాగే బలంగా మారినా, అంత పెద్ద కప్పు మీద అది చిన్నది కాదు. వేగం రెట్టింపైతే ఆ ఒత్తిడి నాలుగింతలు. అందుకే పక్కల ఎనిమిదింటికీ నాబ్‌లు, ముందు మధ్యలో రెండింటికి సేఫ్టీ పిన్ను ఉన్న టాగుల్ క్లాంపులు (మీట నొక్కితే పట్టేసేవి) పెట్టాను. ముందు రెండు మూలల బోల్టులు కావాలనే పానాకే వదిలేశాను. చేత్తో బిగించినవన్నీ ఎప్పుడైనా వదులైనా ఆ రెండూ పట్టుకుని ఉండాలి. ప్రతి నాబ్ మీద, పక్కన బాడీ మీద కలిసేలా ఒక తెల్ల పెయింటు గీత గీశాను. గీత తప్పితే వదులైనట్టు. మొదటి 50 కిలోమీటర్లకు రెండు తప్పాయి. మళ్ళీ బిగించాక ఇప్పటిదాకా కదల్లేదు.

బీడింగ్

అసలు యుద్ధం ఇక్కడ. పాత బీడింగ్‌ను ఎవరో రెండు వైపులా జిగురు పెట్టి అతికించారు. అటు టాప్‌కు, ఇటు బాడీకి. మొదటి ఆదివారం మేం నలుగురం లాగింది బరువును కాదు, ఆ జిగురును. అప్పుడు స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తడంతో రెండు చోట్ల ఫైబర్ పైపూత పగిలింది. అలా ఎవరూ చేయకండి. గట్టి నైలాన్ చేపల తాడు రెండు చేతులకూ చుట్టుకుని సందులోంచి రంపంలా లాగుతూ పోతే జిగురు తెగిపోతుంది, పెయింటుకు ఏమీ కాదు. ఈసారి టాప్ అంతా అలాగే చుట్టూ కోశాను, ముప్పావు గంట.

మిగిలిన జిగురు మీద కిరోసిన్ గుడ్డ పది నిమిషాలు వేసి ఉంచి, పాత ఏటీఎం కార్డుతో గీకాను. థిన్నర్ త్వరగా పనిచేస్తుంది కానీ పెయింటును కూడా తినేస్తుంది. రెండు సాయంత్రాలు పట్టింది.

కొత్తది ఈపీడీఎం రబ్బరు, బోలుగా ఉండే రకం. జేసీ రోడ్డులో మీటర్ల లెక్కన కొన్నాను. దాన్ని టాప్‌కు మాత్రమే అతికించాను. బాడీని తాకే వైపు పల్చగా సిలికాన్ గ్రీజు. వ్యాసలీన్, మామూలు గ్రీజు ఈపీడీఎంకు పనికిరావు, పెట్రోలియం నూనె తగిలితే అది ఉబ్బుతుంది. తీసుకునేటప్పుడు నేను ఒక పొరపాటు చేశాను. నీళ్ళు అసలు రాకూడదని 20 ఎంఎం లావుది తెచ్చాను. దాంతో టాప్ కిందికి దిగనే లేదు, నాబ్‌ల మరలు అందలేదు. మళ్ళీ వెళ్ళి 14 ఎంఎంది తెచ్చాక సరిపోయింది. కొనేముందు ఒక చిన్న ముక్క తెచ్చి నొక్కి చూసుకుంటే ఆ డబ్బు మిగిలేది.

వైర్లు

వెనక వైపరు, లోపలి లైటు, వాషర్ నీళ్ళ గొట్టం. ఫైబర్‌లో కరెంటు పారదు కాబట్టి టాప్‌లోని ప్రతిదానికీ విడిగా ఎర్త్ వైరు ఉంటుంది, దాన్ని మర్చిపోకూడదు. అన్నిటినీ ఎడమ వెనక మూలకు తెచ్చి, నీళ్ళు చొరని ఒకే నాలుగు పిన్నుల కనెక్టరులో కలిపాను. గొట్టానికి మధ్యలో చేపల తొట్టి షాపులో దొరికే జాయింటు. వైరు ఒక జానెడు అదనంగా వదిలాను. ఎందుకంటే రెండో ట్రయల్‌లో కనెక్టరు తీయడం మర్చిపోయి టాప్ ఎత్తేశాను. రెండు పిన్నులు ఊడి వచ్చాయి. ఇప్పుడు కనెక్టరు మీద ఎర్ర టేపు చుట్టి ఉంటుంది, తాడు ముట్టుకునే ముందు దాన్ని చూడటం అలవాటు చేసుకున్నాను.

గిలకలు

ఇల్లు అద్దెది. పోర్టికోకు రెండు బీములున్నాయి. ఓనరును అడిగితే, ఖాళీ చేసేటప్పుడు రంధ్రాలు పూడ్చమని మాత్రం చెప్పి ఒప్పుకున్నాడు. స్లాబ్‌కు అడుగు నుంచి యాంకర్లు (కాంక్రీటులో బిగించే బోల్టులు) కొట్టలేదు. అలా కొడితే బరువంతా యాంకర్‌ను కిందికి పెరుకుతూ ఉంటుంది. బీముల పక్క ముఖాలకు, అడుగున కమ్మీలున్న భాగానికి దూరంగా నడిమి ఎత్తులో కొట్టి, యాంగిల్ ముక్కలు బిగించి, వాటి మీద రెండంగుళాల చదరపు పైపు అడ్డంగా పెట్టాను. అప్పుడు యాంకర్ మీద బరువు అడ్డంగా పడుతుంది, అది భద్రం.

పైపు నుంచి రెండేసి చక్రాల గిలక బ్లాకులు పైన ఒకటి, కింద ఒకటి. తాడు నాలుగు పోగులుగా తిరుగుతుంది. 54 కిలోలకు లెక్క ప్రకారం పదమూడున్నర కిలోల లాగుడు చాలు. త్రాసు పెట్టి లాగితే 18 చూపించింది, తేడా రాపిడిది. టాప్ అడుగు ఎత్తు లేవాలంటే తాడు నాలుగడుగులు లాగాలి. నాన్న తాడు పట్టుకుని చూసి, "చేద తోడినంత కూడా లేదురా" అని ఆశ్చర్యపోయాడు. మా ఊళ్ళో బావికి ఒకటే గిలక, అది లాగే దిక్కు మారుస్తుంది గానీ బరువు తగ్గించదు. ఇక్కడ నాలుగు పోగులూ కలిసి మోస్తాయి. ఇది ఆయనకు బొమ్మ గీసి చెప్పడం నాకు చాలా ఇష్టమైన అరగంట.

టాప్‌ను పట్టుకునేది అంగుళం పైపుతో చేసిన ఒక చట్రం. నాలుగు మూలల నుంచి పట్టీలు, వాటి చివర రబ్బరు అతికించిన కొక్కేలు. వెనక అద్దం వల్ల బరువు నడిమి నుంచి పది సెంటీమీటర్లు వెనక్కి ఉంది. చట్రాన్ని అంత జరిపాక టాప్ సమంగా లేచింది. ఎత్తడం అయ్యాక తాడు మీద నమ్మకం పెట్టి వదలను. పైపు నుంచి చట్రానికి నేరుగా రెండు రాచెట్ పట్టీలు వేసి బిగిస్తాను. మా పాప ఆ కింద సైకిలు పెడుతుంది.

ఎంత ఎత్తాలన్నది చాలాసేపు తేలలేదు. బండి ముందుకు పెట్టి ఉంటే, వెనక్కి తీసేటప్పుడు ముందు అద్దం ఫ్రేమ్ మొత్తం టాప్ కింద నుంచి పోవాలి, దానికి రెండడుగుల పైనే ఎత్తాలి. ఒక రాత్రి పడుకున్నాక తట్టింది: బండిని రివర్స్‌లో పెడితే అద్దం ముందుకే పోతుంది, సీట్లు టాప్ ముందువైపు ఖాళీలోంచి బయటికి వచ్చేస్తాయి. వెనక వేలాడే స్టెప్నీ ఒక్కటి దాటితే చాలు. అడుగు ఎత్తు సరిపోయింది. తిరిగొచ్చి రివర్స్ చేసి, నేల మీద గీసిన రెండు సున్నం గీతల మధ్య టైర్లు పెడితే టాప్ నేరుగా తన చోటు మీదికి దిగుతుంది.

మూడు వారాలు వేలాడాక ఒకటి గమనించాను. టాప్ పక్క గోడలు బయటికి విచ్చుకుని, అడుగున వెడల్పు 6 ఎంఎం పెరిగింది. నాబ్‌ల రంధ్రాలు కలవలేదు. ఇప్పుడు కొక్కేల మధ్య అడ్డంగా ఒక పట్టీ కట్టి ఉంచుతున్నాను. తర్వాతి నెలంతా వెడల్పు మారలేదు.

ఖర్చు 6,800 రూపాయలు, వృథాగా పోయిన బీడింగ్‌తో కలిపి. సమయం: ఒక్కడినే, 16 నిమిషాలు. తిరిగి పెట్టడానికి 20.

మొదటి ప్రయాణం

నాన్న ఊరికి వెళ్ళేముందు లేపాక్షి వెళ్ళొచ్చాం. అయిదింటికి టాప్ తీసి బయల్దేరాం. దేవనహళ్ళి దాటేసరికి తెల్లవారింది. బాగేపల్లి దాకా 70 దాటకుండా నడిపాను, నాన్న తలకు కండువా చుట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. అక్కడి నంది విగ్రహాన్ని చూసి, ఎండ ముదరకముందే వెనుదిరిగి, పన్నెండున్నరకు ఇంట్లో ఉన్నాం. మూడింటికి మబ్బు పట్టింది. నేనొక్కడినే వెళ్ళి టాప్ దించి, పది నిమిషాలకల్లా నాలుగు నాబ్‌లు బిగించాను. మిగిలినవి వాన మొదలయ్యేలోపు అయిపోయాయి.

ఆ వానలో ముందు ఎడమ మూలన డ్రైవరు పక్క సీటు మీద చుక్కలు పడ్డాయి. అక్కడ బీడింగ్ రెండు ముక్కలు నిటారుగా కోసి కలిపాను, ఆ అతుకు లోంచే. ఇవాళ రెండు చివరలూ ఏటవాలుగా కోసి మళ్ళీ అతికించాను. జిగురు ఆరడానికి ఒక రోజు. శనివారం ఆ మూల మీద పైపుతో పావుగంట నీళ్ళు కొట్టి చూడాలి.