అమ్మ కణితి ముక్కను చిట్టెలుకలకు ఇచ్చాం

పెద్దపేగు ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం, కర్నూలులో మేం చేరిన ఆసుపత్రిలో ఒకమ్మాయి ఎనిమిది పేజీల కాగితాలు తెచ్చింది. కణితిలో పరీక్షకు పోగా మిగిలిన ముక్కను పరిశోధనకు ఇస్తారా అని. తెలుగులోనే ఉన్నాయి గానీ ‘ప్రతిరక్షా లోపిత మూషికములందు’ అన్న చోటే ఆగిపోయాను. తెల్లారితే ఆపరేషన్, ఇప్పుడా ఇవి చదవమనేది?

‘‘నోటితో చెప్పమ్మా’’ అన్నాను. బాగానే చెప్పింది. మామూలు చిట్టెలుక ఒళ్లు మనిషి కణాలను పరాయివని చంపేస్తుంది. వీళ్లు వాడేవాటికి ఆ నిరోధక శక్తి ఉండదు. రెండు మూడు మిల్లీమీటర్ల ముక్కను చర్మం కింద పెడితే ఒక్కోసారి నాటుకుంటుంది, ఒక్కోసారి నాటుకోదు. నాటుకుంటే మరికొన్నిటికి మార్చి, ఏ మందుకు లొంగుతుందో చూస్తారు. 1969లో డెన్మార్క్‌లో మొదట ఇలా పెంచింది కూడా పెద్దపేగు కణితినేనట.

‘‘మన బుడ్డల మూటలు కొరికేటివేనా పాపా?’’ అంది అమ్మ.

‘‘కాదవ్వా, ల్యాబ్‌లో పుట్టినవి. కొన్నిటికి వెంట్రుకలు కూడా ఉండవు.’’

‘‘దీంతో నాకు నయమైతాదా?’’

ఆ అమ్మాయి దాచలేదు. ముక్క పెరగడానికే నెలలు పడుతుందని, ఆలోపే అమ్మ కీమో నడిచిపోతుందని చెప్పింది. అక్కడే నాకు నమ్మకం కుదిరింది. ఇవ్వకపోయినా వైద్యం ఆగదని, పేరు బదులు నంబరు వేస్తారని, తర్వాత వద్దనుకుంటే చెప్పొచ్చని అడిగి తెలుసుకున్నాను. అమ్మది వేలిముద్ర. వాళ్ల బృందంలో లేని, చదువొచ్చిన సాక్షి కావాలన్నారు. పక్క బెడ్డు పెద్దాయన కొడుకు అంతా పైకి చదివి సంతకం పెట్టాడు.

అసలు టెన్షన్ మర్నాడు. ఉదయమే అని చెప్పిన ఆపరేషన్ మధ్యాహ్నం దాటింది. ఐస్ పెట్టెతో ఒకతను కారిడార్‌లో నిలబడే ఉన్నాడు. మూత తీసి, గులాబీ రంగు నీళ్లున్న చిన్న గొట్టం చూపించాడు. ముక్క కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ మందునీళ్లలో వేస్తే కణాలు చచ్చిపోతాయి. బయాప్సీకి అది పనికొస్తుంది గానీ వీళ్లకు బతికున్న ముక్క కావాలి. పాథాలజీ వాళ్లు తమకు కావలసింది తీసుకున్నాక, చింతగింజలో సగం కూడా లేని ముక్క ఆ గొట్టంలో పడింది. వాళ్ల ల్యాబ్ ఉన్న హైదరాబాద్ రెండొందల కిలోమీటర్ల పైమాట. అతను టీ కూడా తాగకుండా బయల్దేరాడు.

నాలుగో కీమో నాడు ఆ అమ్మాయి కనిపించింది. ముక్క నాటుకుందట, మందు ఇంకా పెట్టలేదట.

‘‘పెడితే అవీ నా మాదిరి కక్కుతాయా?’’ అంది అమ్మ.

‘‘ఎలుకలకు వాంతులు కావవ్వా.’’

‘‘బతికిపోయినాయి పో’’ అని అమ్మ చేతిలోని కవరు మళ్లీ నోటి దగ్గర పెట్టుకుంది.